బూడిదలో చల్లారిన ఇనుము

మొన్న మా తమ్ముడు మల్లేశ్ ఆర్మూర్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, పాత కొట్టం కూలగొడుతున్న. తుక్కోడు వచ్చి కూసున్నడు. అవ్వ దాచిపెట్టిన గా ఇనుప గొట్టం ఉన్నది గదా, అది గూడ ఇచ్చేయాల్నా?" అని అడిగాడు. నేను డిచ్‌పల్లిలో మా బిడ్డ ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. "ముట్టుకోకు, నేనొస్తున్న" అన్నాను. "గింత దానికి బస్సెక్కి వస్తవా?" అని నవ్వాడు. నవ్వడంలో వాడి తప్పు లేదు. ఆ గొట్టం మా ఇంటి పొయ్యిలో ఎర్రగా కాలిన రోజుల్లో వాడు ఉయ్యాలలో ఉన్నాడు.

నేను వెళ్లేసరికి అది అరుగు మీద ఉంది. దుమ్ము, సాలెగూళ్లు, మీద తుప్పు. చూసినవాళ్లెవరైనా లారీలోని సామాను అనుకోరు, భూమిలోంచి తవ్వి తీసిన పెద్ద పసుపు దుంప అనుకుంటారు. మధ్యలో లావుపాటి గొట్టం, దానికి ఒక పక్కన వరుసగా పొట్టి కొమ్ములు. ఇంజన్లో మండిన పొగ ఆ కొమ్ముల్లోంచి వచ్చి, మధ్య గొట్టంలో కలిసి, కింద సైలెన్సర్‌లోకి పోతుంది. మెకానిక్‌లు దాన్ని మానిఫోల్డ్ అంటారు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఆ మాట నోరు తిరగక "పొగగొట్టం" అనేది. మా ఇంట్లో చివరిదాకా అదే పేరు. నేను కళ్లజోడు తీసి, వేలితో దాని మీద తడిమాను. రెండో కొమ్ము మొదట్లో అతుకు అలాగే ఉంది, కాలిన గాయం మానిన చోట చర్మం ఉబ్బినట్టు. ఆ అతుకు పక్కనే, ఇంకొంచెం సన్నగా, ఇంకో అతుకు.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టాక, దాని పలక మీద దానితో పాటే దిద్దుకున్నాను. అంతకుముందు బతుకంతా నాకు చప్పుళ్లుగా, వాసనలుగానే గుర్తుంది. అందుకే చిన్నప్పటి సంగతి ఏది రాద్దామన్నా ముందు నాకు బాపు లారీ చప్పుడు వినిపిస్తుంది.

మా ఇల్లు ఆర్మూర్ అంచున, గుట్ట రాళ్లు కనిపించే దిక్కున ఉండేది. వెనుక కొద్దిగా పసుపు చేను. ముందు వాకిలి పెద్దది, ఎందుకంటే అందులో లారీ నిలబడాలి. మా నాన్నను బాపు అనేవాళ్లం, పేరు గంగారాం. పసుపు, మక్కజొన్నలు నింపుకుని ఒక రోజు నిజామాబాద్ గంజికి, అదే మార్కెట్ యార్డుకు, ఇంకో రోజు హైదరాబాద్‌కు పోయేవాడు. తెల్లవారకముందే లేచి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను కాలితో తన్ని, బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఏదో అనుకునేవాడు. ఆ తర్వాత ఇంజన్ లేపేవాడు. నాయినమ్మ అప్పటికే లేచి వాకిట్లో సాన్పు చల్లుతూ ఉండేది. డీజిల్ పొగ, పేడ నీళ్ల వాసన, పొయ్యి మీద జొన్న గటక వాసన, ఈ మూడూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. ఇప్పటికీ బస్టాండ్‌లో ఎక్కడైనా డీజిల్ పొగ తగిలితే కడుపులో ఆకలి కదులుతుంది.

పసుపు తవ్వకాలయ్యాక మా ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. నేలలో పొడుగ్గా తవ్విన పెద్ద పొయ్యి, దాని మీద ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ఇనుప కడాయి. పచ్చి కొమ్ములు కడిగి అందులో పోసి, ఎండిన పసుపు ఆకు కప్పి, మీద తడి గోనెసంచి పరిచి ఉడకబెట్టేవాళ్లు. మా పసుపే కాదు, వాడకట్టు వాళ్లది కూడా మా పొయ్యి మీదే. మంట చూసుకునేది మాత్రం అవ్వ ఒక్కతే. మంట ఎక్కువైతే కొమ్ము లోపల మెత్తబడి పాడవుతుంది, తక్కువైతే ఎండినా గట్టిపడదు. అవ్వ గోనెసంచి అంచు ఎత్తి, ఆవిరిని ఒకసారి వాసన చూసి, "ఇంకా కాలేదు" అనేది, లేదా కట్టె వెనక్కి లాగేది. ఒక్క కొమ్ము తీసి గోటితో గుచ్చి చూడాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు పసుపు ఉడకబెడుతున్న రోజుల్లోనే లారీ చప్పుడు మారింది. పొద్దున్నే లేపినప్పుడు టిక్కు టిక్కుమని, ఎవరో గోటితో రేకు మీద కొడుతున్నట్టు. కొంచెం సేపయ్యాక ఆగిపోయేది. బాపు దాన్ని పట్టించుకోలేదు. "బండి గూడ మనిషి లెక్కనే, లేవంగనే జర మూలుగుతది" అన్నాడు.

బాపు అంగీలు ఉతికేది అవ్వ. రాయి మీద అంగీ పరిచినప్పుడు ఎడమ భుజం ఒక్కటే నల్లగా ఉంటోందని ఆమె గమనించింది. కుడి భుజానికి దుమ్ము, ఎడమ భుజానికి మసి. రుమాలు విప్పితే బాపు ముక్కు తుడుచుకున్న చోట కూడా నలుపే. ఇంటికి వచ్చాక బాపు తల పట్టుకుని కూర్చునేవాడు. అన్నం ముందు పెడితే వద్దనేవాడు. ఒకసారి వాకిట్లోనే కక్కుకున్నాడు. "దారిల తిన్న బజ్జీలు పడలే" అన్నాడు. అవ్వ అంగీని ముక్కు దగ్గర పెట్టుకుని, ఆవిరిని చూసినట్టే చూసింది.

ఆ వారంలోనే బాపు హైదరాబాద్ పోతూ ఇందల్వాయి ఘాట్‌లో కొంచెం మగతగా ఉందని కళ్లు మూశాడట. తెరిచేసరికి లారీ ముందు చక్రం రోడ్డు దిగి, మోదుగు చెట్ల మధ్యన ఉంది. దేనికీ తగల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. తిరిగొచ్చాక ఆ మాట బాపు నవ్వుతూ చెప్పాడు, చెట్టు తనకు అడ్డం వచ్చిందన్నట్టు. అవ్వ నవ్వలేదు. బాపు స్నానానికి పోగానే మేకుకు తగిలించిన అంగీ జేబులోంచి లారీ తాళం తీసి, కొంగుకు ముడి వేసి, ఆ ముడిని నడుములో దోపుకుంది.

మర్నాడు పొద్దున బాపు తాళం కోసం ఇల్లంతా వెతికాడు. అవ్వ మంట చూసుకుంటూ, తల తిప్పకుండా చెప్పింది. "నా దగ్గరున్నది. ఆ బండికి ఏమైందో తెల్సుకున్నంకనే ఇస్త."

"నా బండి తాళం నీ కొంగులెందుకే?"

"నువ్వు నా మొగనివి గనుక."

బాపు అరిచాడు. గంజిలో సావుకారు ఎదురుచూస్తున్నాడన్నాడు, వాడకట్టు వాళ్ల ముందు పరువు పోతుందన్నాడు. అవ్వ కట్టె వెనక్కి లాగింది, మళ్లీ ముందుకు తోసింది. చివరికి బాపే చెప్పులేసుకుని పెద్ద రోడ్డు మీది షెడ్డుకు పోయి, కరీం చాచాను వెంటబెట్టుకొచ్చాడు. చాచా బాపుకు చిన్నప్పటి దోస్తు, మెకానిక్ పనీ వెల్డింగ్ పనీ రెండూ చేసేవాడు. మెహందీ పెట్టిన గడ్డం, జేబులో ఎప్పుడూ సోంపు. నన్ను చూస్తే చాలు, అందులోంచి చిటికెడు నా చేతిలో వేసేవాడు.

అవ్వ దగ్గర తాళం అడిగి తీసుకుని చాచా ఇంజన్ లేపాడు. బానెట్ ఎత్తి ఒక గుడ్డ పీలికను గొట్టం దగ్గర పట్టుకున్నాడు. గుడ్డ టపటపా కొట్టుకుంది. ఇంజన్ ఆపి బాపును పిలిచాడు. "గంగారాం భాయ్, గిటు చూడు. సన్న వెంట్రుకంత పగులు. చల్లగున్నప్పుడు టిక్కుమంటది. వేడెక్కినంక ఇనుము సాగి జర మూసుకుంటది, నువ్వేమో బాగైందనుకుంటవు. లోడుతోని ఘాట్ ఎక్కుతుంటే మల్ల నోరు తెరుస్తది. ఆ పొగ సైలెన్సర్ల పోతలేదు, ఇంజన్ పక్కకెల్లి నీ ఎడమ భుజం దిక్కు కాబిన్లకొస్తున్నది. నువ్వు నిద్రపోలే భాయ్. పొగ నిన్ను పండవెట్టింది."

చాచా దిగొచ్చి తాళాన్ని బాపు చాచిన చేతిలో కాకుండా అవ్వ చేతిలో పెట్టాడు. "గిది వదినె దగ్గర్నే ఉండనీ" అన్నాడు.

కొత్తది దొరుకుతుందా అని అవ్వ అడిగింది. "హైదరాబాద్‌ల చెప్పిపెడ్త. గీ మోడల్‌ది ఎప్పుడొస్తదో అల్లాకే తెలుసు. అతుకు పెట్టొచ్చు. కానీ గిది పోత ఇనుము వదినె, మస్తు రోషమున్న ఇనుము. ఒక్క చోట కాల్చి అతికితే పక్కన పగులుతది. మొత్తం ఒక్కతీరుగ ఎర్రగ కావాలె, ఎర్రగున్నప్పుడే అతకాలె, అటెన్క మెల్లగ సల్లారాలె. గంత పెద్ద కొలిమి నాకాడ లేదు."

అవ్వ తన పొయ్యి వైపు చూసింది. "గీ మంట సరిపోతదా?"

చాచా వంగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకున్న నిప్పులను చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. "సరిపోవుడేంది, గిది కొలిమికే అవ్వ" అన్నాడు.

గొట్టాన్ని ఊడదీయడానికే ఒక రోజు పోయింది. బోల్టులన్నీ తుప్పు పట్టి అంటుకుపోయాయి. బాపు వాటికి కిరసనాయిలు పోసి నానబెట్టాడు. మర్నాడు చాచా గ్యాస్ సిలిండర్లను తోపుడుబండి మీద మా వాకిట్లోకి తెచ్చాడు. పగులు ఇంకా ముందుకు పాకకుండా దాని రెండు కొసల్లో సన్న రంధ్రాలు వేశాడు. అతకడానికి కడ్డీగా ఏం వాడాడో చెబితే మా మనవళ్లు నమ్మరు. పాత ఇంజన్లలోంచి తీసిన పిస్టన్ రింగులు. అవీ పోత ఇనుమే గనుక ఇదీ అదీ కలుస్తుందన్నాడు. అవ్వ కడాయి దించి నిప్పులను సర్దింది. గొట్టాన్ని నిప్పుల్లో పడుకోబెట్టి, పైన కూడా నిప్పులు కప్పి, కట్టెలు అటొకటి ఇటొకటి తోస్తూ కూర్చుంది. చాచా "ఇంకా" అంటే ఇంకా, "చాలు" అంటే చాలు. కొంతసేపటికి చాచా అనడం మానేశాడు. ఎప్పుడు తోయాలో ఎప్పుడు లాగాలో ఆమెకు అర్థమైపోయింది. గొట్టం ముదురు ఎరుపుకు వచ్చింది, పండిన రేగుపండులాగా. చాచా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అతికాడు. ఆ మంట వైపు మమ్మల్ని చూడవద్దన్నాడు. నేను తలుపు చాటు నుంచి చూశాను.

అతకడం అయిపోయింది. మళ్లీ నిప్పుల్లో కప్పేముందు అతుకు ఎలా వచ్చిందో చూద్దామని, బాపూ చాచా ఇద్దరూ పట్కార్లతో గొట్టాన్ని ఎత్తి పొయ్యి గట్టు మీద పెట్టారు. చాచా నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. అందరి ముఖాల్లోనూ సంతోషం. సరిగ్గా అప్పుడే నాయినమ్మ ఇత్తడి చెంబుతో వచ్చింది.

మా ఇంట్లో మొదటి కడాయి పొయ్యి దిగినప్పుడు నాయినమ్మ చెంబులో పసుపు నీళ్లు కలిపి, మామిడి ఆకుల రొట్టతో కడాయి అంచుకు, పొయ్యికి చల్లేది. కొత్త నాగలి కర్రు ఇంటికొచ్చినా అంతే. బాపు లారీని తెచ్చిన రోజున కూడా ముందు దాని మూతికి చల్లాకే లోపలికి రానిచ్చింది. మా పొయ్యిలో పుట్టి బయటికొచ్చిన వస్తువును ఒట్టిగా ఎలా వదులుతుంది? ఎవరూ చూడకముందే రొట్ట ముంచి చల్లింది.

టింగ్.

గుడి గంటను చిన్న రాయితో కొట్టినట్టు, ఒక్కటే చప్పుడు. ఆవిరి లేచింది. అతుకు పక్కన సన్నటి నల్ల గీత. నాయినమ్మ చేతిలో చెంబు అలాగే ఉంది. "అయ్యో, మంచికే చల్లిన గదరా" అంది.

చాచా పట్కారు కింద పడేసి, పొయ్యి గట్టు మీద కూలబడ్డాడు. తిడతాడేమోనని అందరం చూస్తున్నాం. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నాడు. "అమ్మా, నీ దీవెన గిది తట్టుకోలేకపాయె" అన్నాడు.

బాపుకు మాత్రం నవ్వు రాలేదు. పడమటి దిక్కు మబ్బు పట్టి ఉంది. గంజికి పోవలసిన పసుపు సంచులు కొట్టంలో పేరుకుని ఉన్నాయి. ఇన్ని రోజులు బిగబట్టుకున్నదంతా ఆ టింగ్‌తో తెగిపోయింది. "ఇగ చాలు. పగిలినదాన్నే బిగించుకొని పోత. ఇన్నేండ్లు పోలేదా? తాళమియ్యి" అని అవ్వ ముందు చెయ్యి చాచాడు.

అవ్వ లేచి నిలబడింది. ఉయ్యాలలోంచి మల్లేశ్‌ను ఎత్తి చంకనేసుకుంది. నా చెయ్యి పట్టుకుంది. "పా. నేను, పోరి, పోరడు అందరం ఎక్కుతం. నీకు మగతొస్తే లేపుతం. మాకు గూడ మగతొస్తే ఇగ ఎవలు లేపుతరో నువ్వే చెప్పు" అంది.

గట్టిగా అనలేదు. అడిగినట్టే అంది. నా చేతిని మాత్రం వేళ్లు నొప్పి పుట్టేంతగా పట్టుకుంది. బాపు నా వైపు చూశాడు, ఖాళీ ఉయ్యాల వైపు చూశాడు. చాచిన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉంది. తర్వాత వంగి, కింద పడ్డ పట్కారు తీసి చాచాకు ఇచ్చాడు. "మల్ల చేద్దాం" అన్నాడు.

మళ్లీ చేశారు. ఈసారి అతికిన వెంటనే, ఎవరినీ చూడనివ్వకుండా, దాన్ని నిప్పుల్లోకి తోసేశారు. పైన అవ్వ వేడి బూడిదను గంపలతో ఎత్తి పోసింది. ఎండిన పసుపు ఆకు, కంది కట్టెల బూడిద, మెత్తగా, తెల్లగా. గొట్టం కనిపించకుండా దిబ్బ అయింది. దానంతట అది చల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దు, గాలి కూడా తగలొద్దు అన్నాడు చాచా.

నాయినమ్మ అప్పటిదాకా దర్వాజ పక్కన ఒదిగి నిలబడి ఉంది. అన్నం తినమంటే వద్దంది. ఇప్పుడు లోపలికి పోయి పీట తెచ్చుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, ఆ దిబ్బ ముందు కూర్చుంది. "ఎవలన్న దీని దిక్కొస్తే కాళ్లిరగ్గొడ్త" అంది. రోజూ సాయంత్రం మా పొయ్యిలోంచి నిప్పు తీసుకుపోయే పక్కింటి లస్మక్క పెంకు పట్టుకుని వస్తే, దూరం నుంచే కర్ర ఎత్తింది. "ఇయ్యాల మా పొయ్యిల నిప్పు లేదు. పొయ్యికి పురుడైంది, పో." చాచా మనసాగక ఒకసారి దగ్గరికి వచ్చి, వంగబోయాడు. "నువ్వు గూడ జరుగు కరీమూ. నీ పనైపోయింది, ఇప్పుడు నాది" అంది. ఆయన చేతులు రెండూ ఎత్తి వెనక్కి నడిచాడు. అవ్వ గటక తెచ్చి పీట దగ్గర పెడితే, దిబ్బ మీది నుంచి చూపు తిప్పకుండా తాగింది.

మర్నాడు ఎండెక్కాక బూడిద తీశారు. చాచా గొట్టాన్ని ఎత్తి, చిన్న సుత్తితో ఒక్కో కొమ్మునూ తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చివరి కొమ్ము కూడా విన్నాక "మంచిగ పలుకుతున్నది, పగులు లేదు" అన్నాడు. నాయినమ్మ అప్పుడు పీట మీది నుంచి లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే బాపు పట్టుకున్నాడు.

గొట్టాన్ని ఆకురాయితో సాపు చేసి, ఇంజన్‌కూ దానికీ మధ్య కొత్త గ్యాస్‌కెట్ పెట్టి, బోల్టులు బిగించారు. అవ్వ ముడి విప్పి తాళాన్ని బాపు చేతిలో పెట్టింది. ఇంజన్ లేచింది. టిక్కు లేదు. పసుపు సంచులు ఎక్కించుకుని బండి కదులుతుంటే అవ్వ వాకిలి దాకా వెంట నడిచింది. "కిటికీ తెరుసుకొని పో" అంది. బాపు అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టాడు. లారీ గుట్ట మలుపు తిరిగి, చప్పుడు సన్నబడి, ఇక వినపడకుండా పోయేదాకా అవ్వ తల ఒక పక్కకు వంచి నిలబడింది. "చప్పుడు మంచిగున్నది" అని లోపలికి పోయి పొయ్యి మీద కడాయి పెట్టింది.

ఆ తర్వాత బాపు బండెక్కిన ప్రతిసారీ అదే మాట, ఎండాకాలం అనీ లేదు, చలికాలం అనీ లేదు. బాపు విసుక్కునేవాడు కానీ అద్దం దించకుండా ఎన్నడూ పోలేదు. హైదరాబాద్ నుంచి కొత్త గొట్టం ఏదో ఒకనాటికి వచ్చిందేమో, నాకు తెలియదు. వచ్చినా ఎవరూ బిగించలేదు. బాపు మోకాళ్లు పట్టేశాక లారీ తుక్కుకు పోయింది. ఆ రోజు అవ్వ చాచాకు కబురు పెట్టి, ఇదొక్కటి ఊడదీయించి ఉంచుకుంది. బాపు ముసలివాడై, పళ్లన్నీ ఊడి, మనవళ్లతో చక్కెర కోసం పోట్లాడి, తన మంచంలో పోయాడు. అవ్వకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఆ పొయ్యి లేదు. పసుపు ఉడకబెట్టే మిషన్ ట్రాక్టర్ వెనక వస్తుంది, ఆవిరితో గంటలో పని ముగించి ఇంకో ఇంటికి పోతుంది. వాకిట్లో సిమెంటు. నేను అరుగు మీద కూర్చుని ఇదంతా చెబుతుంటే మల్లేశ్ కొడుకు శ్రీకాంత్ తన లారీ తాళ్లు బిగిస్తూ విన్నాడు. "అత్తా, పోయినేడు మా బండికి గూడ గిదే పగిలింది. షెడ్డుల పెడితే నేను అన్నం తిని వచ్చేలోపు కొత్తది పెట్టిండ్రు" అన్నాడు.

"పాతదేం చేసిండ్రు?"

"ఏమో, చూడలే."

మంచిదే. ఆ పొగ మళ్లీ ఏ ఇంట్లోనూ ఎవరి అంగీకీ అంటకూడదు. నాకు ఆ మంటలు, ఆ కష్టం తిరిగి రావాలని లేదు. కానీ ఒక ఇనుప ముక్క చల్లారడం కోసం ఇల్లంతా పని మానుకుని కూర్చోవడం నేను చూశాను. ఆ తర్వాత నా బతుకులో ఎవరూ దేనికోసమూ అలా కూర్చోలేదు. తుక్కువాడు మిగతాది ఎత్తుకుని పోయాడు. గొట్టాన్ని ఏం చేద్దామని మల్లేశ్ మళ్లీ అడగలేదు. గుడ్డ తెచ్చి తుడిచి, అరుగు మూలకు జరిపాడు.

సాయంత్రం శ్రీకాంత్ హైదరాబాద్ బయలుదేరాడు. ఎత్తైన కొత్త బండి. ఇంజన్ లేచిందో లేదో తెలియనంత మెత్తటి చప్పుడు. తల వంచి ఎంత విన్నా నాకు అందులో ఏమీ అర్థం కాలేదు. వాకిలి దాకా నడిచాను. "కిటికీ తెరుసుకొని పో బిడ్డా" అన్నాను.

"ఏసీ ఉన్నదత్తా" అన్నాడు నవ్వుతూ. తర్వాత ఏమనుకున్నాడో, అద్దం దించి మోచెయ్యి బయట పెట్టాడు. గుట్ట మలుపు దాకా ఆ చెయ్యి కనిపించింది.